జిప్సీ ఫ్లోరుకు ఇంట్లోనే వేసుకున్న లైనర్ కోటింగ్: కొన్ని వానాకాలాలు దాటాక

పాడేరు వైపు ఎర్రమట్టి ఒకసారి బండిలోకి ఎక్కిందంటే దాన్ని దించడం ఎంత పనో సాఫ్ట్ టాప్ (గుడ్డ కప్పు) మారుతి జిప్సీ జీపు వాడేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మ్యాట్లు పీకి, కింద నానిన ఫెల్టు ఆరబెట్టి, అది పూర్తిగా ఆరకముందే మళ్లీ పరిచి, తర్వాత వారం పాటు ఆ ముక్కిపోయిన వాసన భరించాలి. ఆ బాధ పడలేకే మ్యాట్లూ ఫెల్టూ అవతల పడేసి, పికప్ బళ్ల తొట్టెలకు వేసే పాలీయురిథేన్ లైనర్ కోటింగ్‌ను ఫ్లోరు మొత్తానికి వేసుకున్నాను. ఇంటి పక్క రేకుల షెడ్డులో, నేనే.

ఎలా వేయాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి, ఆ సోది వదిలేస్తున్నాను. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో ఉన్నవాళ్లకు మాత్రం ఒక మాట. కోటింగ్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. గాలిలో తేమ తగిలితే అది కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, కోటింగ్‌లో సన్నటి బుడగలు లేస్తాయి. అందుకే వాన ముసురులో దీని జోలికి పోకండి. జనవరిలో, మంచు ఆరిన తర్వాత పని మొదలుపెడితే హాయి. ఎండ పెరిగేకొద్దీ కలిపిన మందు డబ్బాలోనే తొందరగా గట్టిపడిపోతుంది కాబట్టి ఎంత వాడగలరో అంతే కలుపుకోవాలి. ముక్కుకు చేతిరుమాలు, దుమ్ము మాస్కు లాంటివి పనికిరావు. ఆవిరిని ఆపే కార్ట్‌రిడ్జ్ మాస్క్ ఉండాల్సిందే.

ఇక సంతోషం సంగతి. మొదటిసారి బురదలో తిరిగొచ్చాక ఫ్లోరులోని రబ్బరు బిరడాలు తీసి గొట్టం పెట్టాను. ఎర్రనీళ్లు కిందికి జారిపోయాయి, బండి ఎండలో ఆరిపోయింది. అంతే! ఏళ్ల తరబడి పడ్డ చాకిరీ ఒక్క పూటలో తీరిపోయినట్టు అనిపించింది. జాకీ రాడ్డు పడేసినా, వెనకాల గ్యాస్ సిలిండర్ దొర్లినా గీత పడలేదు. ఆ రోజుల్లో ఎవరు అడిగినా కళ్లు మూసుకుని వేయించేసుకోమని చెప్పేవాణ్ణి.

గొట్టం పెడితే చాలన్న మాట మాత్రం కొత్తలో నిజం. ఈ కోటింగ్ పైభాగం గరుకుగా ఉంటుంది, కాలం గడిచేకొద్దీ ఆ సందుల్లో సన్నమట్టి స్థిరపడింది, ఇప్పుడు కొబ్బరిపీచు పెట్టి రుద్దాల్సిందే. చప్పుడు కూడా బాగా తగ్గిందని నలుగురికీ చెప్పాను. రేకు గణగణ తగ్గిన మాట నిజమే గానీ గేరుబాక్సు రొద, టైర్ల హోరు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫెల్టు ఉన్నప్పుడే నయమని మా ఆవిడ అంటుంది. ఆవిడ కోపానికి అసలు కారణం వేరు. పట్టుచీర కుచ్చిళ్లు ఆ గరుకుకు పట్టుకుని దారాలు లేచాయి. అప్పట్నుంచీ పెళ్లిళ్లకు ఆటోలోనే.

అసలు గొడవ మొన్నటి వానాకాలం తర్వాత బయటపడింది. డ్రైవరు సీటు వెనక, అడ్డంగా వచ్చే కమ్మీ ఫ్లోరుకు అతికిన చోట అరచేతి వెడల్పున కోటింగ్ కాస్త ఉబ్బినట్టు కనిపించింది. వేలితో నొక్కితే లోపలికి దిగింది. పైన మాత్రం నెర్రె లేదు, పొక్కు లేదు, రంగు కూడా మారలేదు. కత్తితో ఒక మూల లేపి చూస్తే అడుగున రేకే లేదు. గోధుమరంగు పొట్టు రాలింది, ఆ కన్నంలోంచి కింద నేల కనిపించింది. ఇన్నాళ్లూ వెనక కూర్చున్నవాళ్లు కాళ్లు పెట్టుకున్నది రేకు మీద కాదు, వట్టి కోటింగ్ మీద.

నీరు పైనుంచి రాలేదు. కింద స్పాట్ వెల్డింగ్ అతుకుల మధ్యకు ఎక్కింది. సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలి, పాతబండి. మామూలు పెయింటు అయితే ముందే పొక్కులు లేచి, మరకలు కట్టి, నాలుగు నెలల ముందే హెచ్చరించేది. ఈ కోటింగ్ మాత్రం తేమను పైకి ఆరనివ్వలేదు, తుప్పును కంటికి కనపడనివ్వలేదు.

టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రి సుత్తి పిడితో తట్టి చూసి, "బాబూ, ఇది రంగా, టైరా?" అన్నాడు. ముక్క వేసి వెల్డింగ్ చేయాలంటే చుట్టూ జానెడు మేర కోటింగ్ పోవాలి. పెయింట్ రిమూవర్ రాస్తే దాని మీద చెమ్మగిల్లి ఊరుకుంది. గ్రైండరు పెడితే వేడికి కరిగి డిస్కుకు జిగురులా చుట్టుకుంది. అలాగే వెల్డింగ్ పెడితే కాలి లేచే పొగ ప్రమాదం, ఆ పని చేయనని ఆయన ముందే చెప్పేశాడు. చివరికి హీట్ గన్‌తో కాస్త కాస్త మెత్తబరుస్తూ ఉలితో గీకాల్సి వచ్చింది. ముక్క వేయడం గంట పని, గీకడానికి రెండు రోజులు పట్టింది. కూలి కూడా గీకినదానికే ఎక్కువ తీసుకున్నాడు. తప్పేం లేదు, న్యాయమే.

ఇప్పుడు ఆ ముక్క మీద ఎపాక్సీ ప్రైమరు, దాని మీద మామూలు పెయింటు, పైన తీసిపెట్టుకునే రబ్బరు మ్యాటు. చూడ్డానికి అతుకుల బొంత అయినా మ్యాటు ఎత్తితే రేకు కనపడుతుంది, నాకు అది చాలు. మిగతా ఫ్లోరును నెలకోసారి బండి కిందికి దూరి స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటున్నాను. మోత మారితే అనుమానించాలి.

ఫ్లోరుతో పాటు బయట డోర్ల కింది అంచులకు కూడా వేశాను, అది మాత్రం సూపర్. మారేడుమిల్లి అడవి దారుల్లో కంపలు గీరినా, చక్రాల కింది రాళ్లు ఎగిరి తగిలినా చెక్కుచెదరలేదు. నలుపు కాస్త వెలిసి బూడిదరంగుకు తిరిగింది. ఈ పాలీయురిథేన్‌లో రెండు రకాలున్నాయి: ఎండ తగిలేచోట అలిఫాటిక్ రకం అయితేనే రంగు నిలుస్తుంది, చౌకగా దొరికే ఆరోమాటిక్ రకం ఇలాగే వెలుస్తుంది. మొత్తం బాడీకి వేసేద్దామనుకునేవాళ్లు ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. రంగు మారితే ఆర్టీఓ ఆఫీసులో మార్పు రాయించుకోవాలి. ఒరిజినల్ రంగే టింట్‌గా కలుపుకునే కిట్లు ఉన్నాయి, ఆ తలనొప్పి ఉండదు.

మళ్లీ వేస్తానా అంటే, అంచులకు వేస్తాను, నా జిప్సీ ఫ్లోరుకు వేయను. అనంతపురం లాంటి పొడి ఊళ్లో, అడుగు ఇంకా శుభ్రంగా ఉన్న బండి అయితే లెక్క వేరు కావచ్చు. అప్పుడైనా అతుకుల మీద వేయకుండా వదిలేయమనే అంటాను. రెండుమూడేళ్లలో బండి అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. ఈమధ్య నా బండి అడగడానికి వచ్చినాయన ఇంజను కూడా తెరవలేదు. ఫ్లోరు చూసి, "దీని కింద ఏముందో చెప్పండి, తర్వాత రేటు మాట్లాడుకుందాం" అన్నాడు.