మూడేళ్లు వాడిన బీఎల్‌డీసీ ఫ్యాను, మా ఇంటి 200 యూనిట్ల గీత

మా హాల్లో బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే, రిమోట్‌తో నడిచే రకం) 2023 ఏప్రిల్‌లో బిగించాం, బెడ్రూంలో రెండోది ఆ తర్వాతి ఏడాది మార్చిలో. మామూలు ఫ్యాను 75 వాట్లు, ఇది 30 వాట్లు అన్నది ఇప్పుడు అందరికీ తెలిసిందే కాబట్టి అది వదిలేస్తున్నా. ఈ ఫ్యాన్లు వచ్చాక ఎండాకాలంలో మా మీటరు జీరో బిల్లు వచ్చే 200 యూనిట్లు దాటకుండా ఆగింది, ఆ ఒక్కదానికి వీటి మీద నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒకే ఒక్క నెల మాత్రం ఇదే ఫ్యాను నాతో కన్నీళ్లు పెట్టించింది, అదీ చెప్పాలి.

మాది హనుమకొండలో కిరాయి ఇల్లు, పై పోర్షన్. మా నెత్తి మీద ఇక స్లాబే, ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెట్టినా సెగ తగులుతుంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన జీతం, నా కుట్టుపని, ఈ రెండిటి మీదే కిరాయి, పిల్లల ఫీజులు, సరుకులు అన్నీ. అత్తమ్మ హాల్లోనే పడుకుంటుంది, అంటే ఆ ఒక్క ఫ్యాను పగలంతా నా మిషను మీద, రాత్రంతా ఆమె మంచం మీద, రోజుకు పద్దెనిమిది గంటలు తిరగాల్సిందే.

తెలంగాణలో ఉన్నవాళ్లకు గృహజ్యోతి పథకం సంగతి తెలుసు, 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. 200 దాటితే ఆ దాటిన నాలుగు యూనిట్లకు కడితే చాలు కదా అని నేను మొదట్లో అనుకున్నా, ఇప్పటికీ అలా అనుకునేవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు. అట్ల కాదు. 201 పడిందంటే మొదటి యూనిట్ నుంచీ లెక్క కడతారు. మొదటి 200కు యూనిట్ 5.10 చొప్పున 1,020 రూపాయలు, ఆపైన 300 దాకా ప్రతి యూనిట్‌కు 7.70, వాటి మీద కస్టమర్ చార్జీ, సుంకం. ఒక్క యూనిట్ తేడాతో సున్నా కాస్తా వెయ్యి దాటిపోతుంది.

వానాకాలం, చలికాలం మాకు బెంగ లేదు, ఎప్పుడూ 140, 150 దగ్గరే ఉంటుంది. టెన్షన్ అంతా ఎండాకాలంలోనే. పాత ఫ్యాన్లతో మే నెల వచ్చేసరికి 235 దాకా పోయేది. హాల్లో ఫ్యాను మారిస్తే నెలకు 24 యూనిట్లు తగ్గాయి, బెడ్రూంది రోజుకు పదకొండు గంటలు తిరుగుతుంది కాబట్టి దానితో ఇంకో 15. నేను కిరాణా షాపు వాళ్లిచ్చిన క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం తేదీ కింద మీటరు రీడింగు రాసి పెడతాను. 2024 మే నెలలో మొత్తం 195 వచ్చింది. బిల్లు కొట్టే అబ్బాయి చీటీ చించి ఇస్తే, కింద సున్నా ఉందని నేను చదివి చెప్పాక, అత్తమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి దేవుడి పటం వెనకాల దాచింది.

ఇక ఏడిపించిన నెల. 2025 మే, పెళ్లిళ్ల సీజన్, నా చేతిలో పద్నాలుగు జాకెట్లు ఉన్నాయి. ఓ సాయంత్రం గాలిదుమారం లేచింది, కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది, రెండోసారి వచ్చినప్పుడు లైట్లు ఒక్కసారి బాగా వెలిగి మామూలయ్యాయి. హాల్లో ఫ్యాను మాత్రం తిరగలేదు. రిమోట్ నొక్కితే టిక్కుమంటుంది, అంతే. రిమోట్‌లో బ్యాటరీలు మార్చి చూశాం, స్విచ్చి పదిసార్లు వేసి తీశాం. మా వీధిలో వైరింగు పని చేసే తమ్ముడిని పిలిస్తే నిచ్చెన వేసి పైకప్పు దగ్గరి గిన్నె దించి చూసి, "అక్కా, మామూలు ఫ్యానైతే కండెన్సర్ పోయిందనుకుని వంద రూపాయల్లో వేసి పోయేవాణ్ని, దీనిలో బోర్డు పోయింది, కంపెనీ వాళ్లే రావాలి" అన్నాడు.

బిల్లు తీసి చూస్తే రెండేళ్ల వారంటీ ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఫోన్ చేస్తే రెండు రోజుల్లో వస్తామన్నారు. రెండు రోజులయ్యాక, మా ఏరియాకు మనిషి లేడు, బోర్డు హైదరాబాద్ నుంచి రావాలి అన్నారు. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలి. కంపెనీ పేరు రాయడం లేదు, వేరే కంపెనీ ఫ్యాను కొన్న మా పక్కింటి వాళ్లకూ ఇదే జరిగింది. చివరికి సజ్జ మీది పాత ఫ్యాను దించి బిగించుకున్నాం, పన్నెండు రోజులు అదే తిరిగింది.

ఆ పన్నెండు రోజులు నేను మీటరు ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో. లెక్క వేస్తే రోజుకు ముప్పావు యూనిట్ పైనే ఎక్కువ కాలుతోంది, నెలాఖరుకు 200 దాటడం ఖాయం అని కళ్ల ముందే కనిపిస్తోంది. ఇస్త్రీ మానేశాం, వాషింగ్ మిషను ఆపి బట్టలు చేత్తో ఉతికా, పచ్చళ్లు రోట్లో నూరా. మధ్యాహ్నం అత్తమ్మ కింద ఓనర్ ఆంటీ వాళ్ల వరండాలో కూర్చుంటే నేను ఫ్యాను బంద్ చేసి కిటికీ దగ్గర కుట్టేదాన్ని. చెమట చుక్క పడి ఒకామె పట్టు జాకెట్ మీద మరక అయింది, ఆ కూలి నేను అడగలేకపోయా. ఇంత చేస్తే చివరికి వచ్చింది 203. మూడంటే మూడు యూనిట్లు. బిల్లు 1,150 పైచిలుకు. మా ఇంట్లో ఆ డబ్బుకు నెల పప్పు, నూనె వస్తాయి. జూన్‌లో కందిపప్పు రెండు కిలోలకు బదులు కిలోనే తెచ్చి, పచ్చిపులుసుతో, సొరకాయ కూరతో నెట్టుకొచ్చాం. బోర్డుకు 700, వచ్చిన మనిషికి 250 వేరే.

అంత బాధపడ్డా ఆ ఫ్యానునే మళ్లీ ఎందుకు బిగించుకున్నానంటే, పాతది తిరిగిన ఆ పన్నెండు రోజుల్లో దీని విలువ తెలిసొచ్చింది. సాయంత్రం ఏడు నుంచి పది దాకా మా లైన్లో వోల్టేజి పడిపోతుంది, పాత ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు, ఇది మాత్రం అదే స్పీడులో తిరుగుతుంది. కొన్నప్పుడు ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. ఒకటో నంబరులో పెడితే మిషను మీద పట్టు గుడ్డ ఎగరదు, గాలి మాత్రం మెడకు తగులుతూనే ఉంటుంది, కుట్టుపని చేసేవాళ్లకు అదెంత సుఖమో తెలుస్తుంది. ఫుల్ స్పీడులో మాత్రం గాలి పాతదానంత జోరుగా ఉండదని మా ఆయన అంటారు, అది నిజమే. రిమోట్ అత్తమ్మకు ఇప్పటికీ అలవాటు కాలేదు, రాత్రి చలేస్తే నన్ను లేపుతుంది.

ఇంతకుముందు అడిగినవాళ్లందరికీ వెంటనే కొనేయండి అని చెప్పేదాన్ని. ఇప్పుడు ముందు మీ పాత బిల్లులు తీయండి అంటున్నా. జనగామలో మా వదిన వాళ్లకు నెలకు 110 యూనిట్లు, కార్డు ఉంది, ఎండాకాలంలోనూ 150 దాటదు. ఆమెకు ఎలాగూ జీరో బిల్లే, ఇంకో ఇరవై యూనిట్లు తగ్గినా రూపాయి మిగలదు, అందుకే వద్దన్నా. మా ఓనర్ ఆంటీకి ఏసీతో 350 దాకా కాలుతుంది, ఆమెకు 300 పైన యూనిట్లు ఒక్కోటి తొమ్మిది రూపాయలు, హాల్లో ఒక్క ఫ్యాను మార్చినా నెలకు రెండు వందలు మిగులుతుంది. మా సంగతి ఈ రెండిటికీ మధ్య. నిజం చెప్పాలంటే మాకు కలిసొచ్చేది ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలే, ఏడాదికి దాదాపు 4,000. మిగతా తొమ్మిది నెలలు పాత ఫ్యాన్లున్నా జీరో బిల్లే వచ్చేది. రెండు ఫ్యాన్లకు పెట్టింది 5,800, రెండూ బిగించాక రెండో ఎండాకాలానికల్లా తిరిగొచ్చింది, అది కూడా ఆ మే నెల బిల్లు, బోర్డు ఖర్చు పోను. కార్డు లేనివాళ్లకు, 200కు దూరంగా ఉన్నవాళ్లకు ఈ లెక్క సరిపోదు.

వంటింట్లోకి మూడోది కొనలేదు, అక్కడ గంట తిరిగితే ఎక్కువ. ఉరుము వినిపిస్తే ఇప్పుడు పిల్లలే పరుగెత్తి గోడ స్విచ్చి తీసేస్తారు. పోయిన ఏడాది దసరాకు కుట్టుపని డబ్బులు రాగానే ఒక స్పేర్ బోర్డు కొని బీరువాలో పెట్టుకున్నా. పాత ఫ్యాను అమ్మేద్దామని మా ఆయన రెండుసార్లు అన్నారు, నేను ఒప్పుకోలేదు, రెక్కలు విప్పి గోనెసంచిలో చుట్టి సజ్జ మీదే ఉంచాను.