పన్నెండేళ్ళుగా ఒకే వకీలు: ఒక గైనకాలజిస్టు రివ్యూ

మిక్సీకీ ఏసీకీ రివ్యూలు రాస్తాం, వకీలుకి ఎందుకు రాయకూడదూ అనిపించి మొదలుపెట్టాను. పేరు మాత్రం చెప్పను. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది, "మీరు పొగిడినా నా మెడకే చుట్టుకుంటుంది డాక్టరమ్మా" అని ఆయనే అన్నారు.

ఒంగోల్లో మాదొక చిన్న నర్సింగ్ హోమ్. ఆయన మొదట్లో పొలాల తగాదాలు చూసేవారట. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని తేల్చాక, ఒక పళ్ళ డాక్టరు చేతిలో నోటీసుతో వణుక్కుంటూ వచ్చాడట, ఇక అటు నుంచి అటే. ఇప్పుడు ఆయన బీరువాల నిండా డాక్టర్లు, ఫార్మసిస్టులు, అక్కడక్కడా ఒక ఆడిటర్.

నేను వెళ్ళింది 2014లో. కాన్పయ్యాక రక్తస్రావం ఆగక, ఇంజెక్షన్లకీ కుట్లకీ లొంగక, అర్ధరాత్రి దాటాక గర్భసంచి తీసేసి ఆ అమ్మాయిని బతికించుకున్నాం. ఆర్నెల్లకి లాయర్ నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా తీశారు, సంతకం ఆపరేషన్ అయ్యాక పెట్టించుకున్నారు, 18 లక్షలు కట్టండి అని. నేను కోపంలో నాలుగు పేజీల జవాబు రాసి పంపేశాను. తర్వాత ఆయన దగ్గరకెళ్ళి అది చూపిస్తే, చదివి పక్కన పెట్టి, "ఇది వాళ్ళ వకీలు మీ చేత రాయించినట్టుందమ్మా" అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా జవాబివ్వడం ఇంకో తప్పట. డాక్టర్ల మీద కేసు పడితే ఆదుకునే ఇండెమ్నిటీ పాలసీ షరతుల్లో అది రాసే ఉంటుంది, ఎవరు చదువుతారు?

అసలు చిక్కు కేస్ షీట్‌లో ఉంది. సంతకం పక్కన నేను వేసిన టైమ్ 2.40. నర్సు రాసినదాంట్లో థియేటర్‌కి తీసుకెళ్ళింది 2.25. అంటే కాగితం మీద వాళ్ళ మాటే నిజం! నాకు చెమటలు పట్టాయి, ఒక్క అంకె దిద్దితే పోలేదా అని నోరు జారాను. "పెన్ను పెట్టారంటే వకాలత్ వెనక్కిచ్చేస్తాను" అన్నారు, గొంతు కూడా పెంచకుండా. తర్వాత వారం రోజులు ఆ షీట్‌ని పంచాంగం చూసినట్టు చూసి ఒక సాయంత్రం ఫోన్ చేశారు. నర్సు షీట్ ప్రకారం రక్తం సంచులు వార్డుకి చేరింది 2.20కి. ఎదురు వీధిలోని బ్లడ్ బ్యాంక్ రిజిస్టర్లో అవి ఇచ్చిన టైమ్ 2.35. ఇవ్వకముందే చేరవు కదా, వీధి దాటే టైమ్ కూడా కలిపితే మా వార్డు గోడ గడియారం ఓ ఇరవై నిమిషాలు వెనక నడుస్తోంది. నేను చూసుకున్నది నా చేతి వాచీ, అంటే సంతకం అయ్యాకే థియేటర్‌కి తీసుకెళ్ళాం. ఆ రిజిస్టర్ని సాక్ష్యంలో పెట్టించారు, నర్సు చేత అఫిడవిట్ వేయించారు, పైగా 2008 నాటి సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ తీర్పు చూపించారు. ఆ తీర్పు మామూలుగా డాక్టర్లకి గుండెదడ, ఒకదానికి ఒప్పుకుంటే ఇంకోటి చేయకూడదంటుంది, కానీ ప్రాణం మీదికొస్తే మినహాయింపు కూడా అందులోనే ఉంది. 2017లో వినియోగదారుల ఫోరం (ఇప్పటి కమిషన్) వాళ్ళ ఫిర్యాదు కొట్టేసింది, అప్పీలు ఇంకో నాలుగేళ్ళు లాగింది.

వాళ్ళు మెడికల్ కౌన్సిల్‌కి కూడా వెళ్ళారు, అక్కడ మాత్రం మేం గెలవలేదు. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తన మీద ఉన్న 2002 నిబంధనలు చెప్తాయి, మేం తొమ్మిది రోజులు తిప్పుకున్నాం. "ఇక్కడ తప్పు మనదే, వాదించను, ఒప్పుకోండి" అన్నారు. హెచ్చరికతో వదిలేశారు. ఆ రోజు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది, ఇప్పుడు లేదు.

ఇక లోపాలు. ఫోన్ ఎత్తరు, తిరిగి చేసినా సరిగ్గా నా ఓపీ మధ్యలోనే చేస్తారు. ఏడింటికి రమ్మని తొమ్మిదిదాకా బెంచీ మీద కూర్చోబెడతారు. వాయిదా పడితే ఆ సంగతి గుమాస్తా చెప్పాలి, ఆ గుమాస్తాని మనమే పట్టుకోవాలి. ఫీజు తక్కువేం కాదు, కాకపోతే ముందే చెప్పి మూడు విడతలుగా తీసుకున్నారు. అందరి కేసూ తీసుకోరు కూడా. నాకు తెలిసిన సర్జన్ ఒకాయన, పేషెంట్ కడుపులో గుడ్డ మిగిలిపోయిన ఫైలు పట్టుకెళ్తే, దీనికి నిపుణుడి సాక్ష్యం కూడా అక్కర్లేదు, 2010లో హైదరాబాద్ కిషన్ రావు కేసులోనే సుప్రీంకోర్టు ఇలాంటివాటి గురించి చెప్పేసింది, వెళ్ళి రాజీ పడండి అని పంపేశారు. ఆ సర్జన్ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు, నేను పంపానని.

ఇంకో సరదా సంగతి. మేం వినియోగదారుల చట్టం కింద ఉన్నాం, వకీళ్ళు లేరు, 2024 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. ఆయన సేవ నచ్చకపోతే కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళలేను, ఇలా రివ్యూ రాసుకోవాల్సిందే. ఈ మాట అంటే ఆయన పగలబడి నవ్వారు.

పోయిన నెల మళ్ళీ ఒకటొచ్చింది, ఈసారి నేరుగా కమిషన్ నుంచే. ఫోన్ చేయగానే కేసేంటని అడగలేదు. "కవర్ మీ చేతికి ఏ రోజు అందింది?" అన్నారు. కౌంటర్‌కి, అంటే మన రాతపూర్వక జవాబుకి, 30 రోజులు, మహా అయితే ఇంకో 15, ఆ పైన ఒక్క రోజు కూడా ఒప్పుకోరని 2020లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది కాబట్టి లెక్క అక్కడి నుంచే. కవర్ పారేశానన్నాను.

"చెత్త బండి వచ్చేసిందా?"

రాలేదు. అరటి తొక్కల కింద దొరికింది, పోస్టాఫీసు తేదీ ముద్ర చెక్కుచెదరలేదు.