నవ్వుల తేడాలకు నేను తెరిచే నిఘంటువు

ఇంగ్లిష్ సీరియళ్లకు తెలుగు ఉపశీర్షికలు రాయడం నా పని. సంభాషణలు ఎలాగో లొంగుతాయి, ప్రాణం తీసేవి నవ్వులే. వినికిడి లోపం ఉన్న ప్రేక్షకుల కోసం ఆ శబ్దాన్నీ తెర మీద రాయాలి. మూలంలో చకిల్, స్నిగర్, గఫా అని వేర్వేరుగా ఉంటాయి. ఇంట్లో ఉన్న ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు (పేరెందుకులెండి) మూడింటికీ ‘నవ్వుట’ అని చెప్పి చేతులు దులుపుకుంటుంది. అందుకే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైటుకు అలవాటు పడ్డాను. పైసా ఖర్చు లేదు.

నవ్వు ఎంత గట్టిదో చెప్పి ఊరుకోదు, దాని వెనక బుద్ధి ఎలాంటిదో కూడా చెబుతుంది. అందుకే నాకిది నచ్చింది. గిగిల్ అంటే సరదాకో, సిగ్గుకో, కంగారుకో వచ్చే పిల్లతనపు నవ్వు. స్నిగర్‌లో విషముంది: ఎదుటివాడు తడబడ్డాడనో, ఎవరో బూతుమాట అన్నారనో లోలోపల నవ్వే నవ్వు. రెండింటికీ ‘కిసుక్కున నవ్వింది’ అని రాసేస్తే పాత్ర స్వభావమే మారిపోతుంది. స్నిగర్‌ను అమెరికాలో స్నికర్ అంటారు కాబట్టి, సీరియల్ ఏ దేశానిదో చూసుకుంటే కంగారు ఉండదు.

కాకిల్ గుడ్డు పెట్టిన కోడి అరుపుకు కూడా వాడే మాట. అది తెలిశాక మంత్రగత్తె నవ్వుకు ‘వికటాట్టహాసం’ అని రాయడం మానేశాను. చార్టిల్ మరీ ముచ్చటైనది. 1871లో ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ రచయిత లూయిస్ కారల్ పుట్టించిన మాట. చకిల్‌నూ, ముక్కుతో బుస్సుమనే స్నార్ట్‌నూ కలిపి ఉంటాడని అంటారు. ఉత్త ‘పకపక’లో ఆ ముక్కు వినిపించదు.

చకిల్ దగ్గర మాత్రం నాకు ఇంకాస్త కావాలనిపించింది. మెల్లగా నవ్వడం అంటే సరిపోదు, అందులో తనలో తాను మురిసిపోవడం ఉంది. ఇక్కడ మన క్రియే ఆదుకుంది: ‘నవ్వాడు’ అనకుండా ‘నవ్వుకున్నాడు’ అంటే చాలు.

ప్రకటనలు చికాకు పెడతాయి, నిజమే. అయినా ముద్రిత ప్రతి కంటే ఇదే మేలు. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినవచ్చు. గఫాలో ఊనిక ‘ఫా’ మీద పడుతుందని విన్నాక, దానికి ‘పగలబడి నవ్వాడు’ అని రాయడానికి వెనకాడలేదు.