నాలుగేళ్ళ బోర్డు శిక్షణ: మా కొబ్బరి రైతుల కంపెనీ అనుభవం

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి రైతులం కలిసి 2021లో పెట్టుకున్న ఉత్పత్తిదారుల కంపెనీలో నేను డైరెక్టర్‌ని. బోర్డులో తొమ్మిది మందిమి, అందులో ఆడవాళ్ళం ఇద్దరం. కంపెనీ పెట్టిన మరుసటి ఏడాది నుంచి బోర్డుకి పాలనా శిక్షణ, ఆ తర్వాత కోచింగ్ తీసుకుంటూ వచ్చాం. ఈమధ్య పక్క మండలంలో కొత్తగా కంపెనీ పెట్టుకున్న అమ్మాయిలు ఫోన్ చేసి, "పిన్నిగారూ, డబ్బు పెట్టి ఇవన్నీ చెప్పించుకోవడం దండగేమోనని మావాళ్ళు అంటున్నారండి, మీరేమంటారు?" అని అడిగారు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నాకు మీటింగులు కొత్త కాదు. డ్వాక్రా సంఘంలో, తర్వాత గ్రామ సంఘంలో ఇరవై ఏళ్ళు పనిచేశాను. సంఘం నడిపే ఐదు నియమాలు, పంచసూత్రాలు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అక్కడ అందరం చాప మీద గుండ్రంగా కూర్చునేవాళ్ళం. పొదుపు డబ్బు మధ్యలో పెట్టి లెక్కపెట్టేవాళ్ళం. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి అప్పు ఇచ్చామో అందరూ చూస్తుండగానే పుస్తకంలో ఎక్కేది. పది రూపాయలు తేడా వచ్చినా లేచేలోపు తేలిపోయేది.

కంపెనీలో ఆ చాప లేదు. కాయ గోడౌన్‌లో ఉంటుంది, డబ్బు బ్యాంకులో ఉంటుంది, లెక్క సీఈఓగారి లాప్‌టాప్‌లో ఉంటుంది. మొదటి ఏడాది మేము మూడు నెలలకోసారి వెళ్ళి, టీ తాగి, చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేవాళ్ళం. దేనికి పెట్టామో సగం మందికి తెలిసేది కాదు. వాటాధనం కట్టిన రైతులు మా వీధుల్లోనే ఉంటారు, పెళ్ళిళ్ళలో ఎదురుపడతారు, "ఏమ్మా, మన కంపెనీ ఎలా ఉంది?" అని అడుగుతారు. ఏం చెప్పాలి? ఆ టెన్షన్‌తో నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే ఈ శిక్షణ బాగుందా లేదా అన్నది నేను ఒక్క దానితోనే చూస్తాను. కళ్ళ ముందు లేని డబ్బుని చూడటం మాకు నేర్పిందా?

మొదటి శిక్షణ 2022 వేసవిలో రాజమండ్రిలో, ఒక హోటల్ హాల్లో రెండు రోజులు. ప్రభుత్వ పథకం కింద కాబట్టి మాకు ఖర్చు లేదు. తెర మీద అంతా ఇంగ్లీషే. చేతికిచ్చిన తెలుగు పుస్తకం ఇంకా కష్టం, "ప్రయోజనాల వైరుధ్యం" అని ఉంటే గోదావరి మధ్య లంక ఊరి నుంచి వచ్చే మా డైరెక్టరు బాబాయ్‌గారు నన్ను అర్థం అడిగారు, నాకూ తెలియలేదు. పైగా మా సీఈఓగారు కూడా మా మధ్యలోనే కూర్చున్నారు. అడగాలనుకున్నవి ఆయన ముందు అడగలేకపోయాం.

చట్టం గురించి చెప్పిన రెండు గంటలు మాత్రం పనికొచ్చాయి. బోర్డు కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలని తెలుసు గానీ, ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు రావాలని మాకు తెలియదు. కోరం, అంటే మీటింగ్ చెల్లడానికి ఉండాల్సిన మంది, మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు, ముగ్గురికి తగ్గకూడదు. సీఈఓ వాటాదారుల్లోంచి కాకుండా బయటి మనిషి అయి ఉండాలి, ఆయన్ని నియమించేది బోర్డే. సర్వసభ్య సమావేశం అయ్యాక లెక్కలు 30 రోజుల్లో, వార్షిక రిటర్ను 60 రోజుల్లో దాఖలు చేయాలి, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి వంద రూపాయలు. ఇది విన్న రోజే, మా మొదటి ఏడాది ఫారాలు ఇంకా వెళ్ళలేదని బయటపడింది. వరుసగా మూడేళ్ళు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్ళ పాటు పదవికి అనర్హులవుతారని చెప్పగానే హాలంతా నిశ్శబ్దం. ఆ నెలలోనే జరిమానా కట్టి పంపించాం.

ఆ రెండు రోజుల్లో నా మనసులో దిగిపోయిన సంగతి ఇంకొకటి ఉంది, సత్యం కంప్యూటర్స్ కథ. 2008 డిసెంబరులో ఆ కంపెనీ బోర్డు, చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలు కొనడానికి సరేనంది. వాటాదారులు గొడవ చేయడంతో గంటల్లో వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజుగారు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఆయన మన భీమవరం వైపు మనిషి కాబట్టి అందరికీ కథ తెలుసు. కానీ బోర్డు వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. పేరున్న ప్రొఫెసర్లు, పెద్ద పదవులు చేసినవాళ్ళు కూర్చున్న బోర్డు అది. భోజనాల దగ్గర మా చైర్మన్‌గారు, "అంత చదువుకున్నోళ్ళకే కనపడలేదు, మనకేం కనపడుద్దండీ?" అన్నారు. హాల్లో ఆయన మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు. శిక్షణ అక్కడితో అయిపోయింది, సర్టిఫికెట్లు ఇచ్చారు, ఫోటో తీశారు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ సమీక్ష "వద్దు" అన్న ఒక్క మాటతో సరిపోయేది.

కోచింగ్ ఆ ఏడాది చివర్లో మొదలైంది. సహకార సంఘాల్లో చాలాకాలం పనిచేసిన ఒక మేడంగారు మూడు నెలలకోసారి మా మీటింగ్ రోజునే మా ఆఫీసుకి వచ్చేవారు. పాఠం చెప్పేవారు కాదు. గోడ పక్కన కుర్చీ వేసుకుని, మీటింగ్ అయ్యేదాకా మాట్లాడకుండా వినేవారు. అయ్యాక ఒక గంట మాతో, ఒక అరగంట చైర్మన్‌గారితో విడిగా, ఇంకో అరగంట సీఈఓగారితో విడిగా. హాల్లో మేము అడగలేకపోయినవన్నీ అప్పుడు బయటికి వచ్చాయి.

మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ మా మినిట్స్ పుస్తకం తిరగేశారు. ప్రతి తీర్మానం కిందా "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది. "ఏడాది పొడుగునా తొమ్మిది మందికీ ఒక్కసారి కూడా తేడా రాలేదా అండీ?" అని అడిగారు. ఎవరం మాట్లాడలేదు. తర్వాత నన్ను, రెండో ఆడమనిషిని చూసి, "డ్వాక్రా పుస్తకం ఎవరు రాసేవారు?" అన్నారు. ఇద్దరమూ రాసినవాళ్ళమే. అప్పటి నుంచి మినిట్స్ మేమిద్దరం వంతులవారీగా చూసుకుంటున్నాం. ఎవరు అడిగారు, ఎవరు కాదన్నారు, ఎందుకు, అన్నీ రాస్తాం. హాల్లో శిక్షణ ఇచ్చినవాళ్ళు మాకేమీ తెలియదన్నట్టు మొదలుపెట్టారు. ఆవిడ మాకు తెలిసినదాంతో మొదలుపెట్టారు.

తర్వాత ఆ కాగితం. మేము దాన్ని "నెల కాగితం" అంటాం. ఏ ఫోర్ సైజులో ఒకటే పేజీ, తెలుగులో. పైన కాయల లెక్క: నెల మొదట్లో నిల్వ, కొన్నది, అమ్మింది, కుళ్ళింది, మిగిలింది. నీటికాయ వేరు, అటక మీద నెలల తరబడి ఎండబెట్టిన కురిడీ వేరు. మధ్యలో డబ్బు లెక్క. కింద మనకి రావలసిన బాకీలు, ఏ వ్యాపారి, ఎంత, ఎన్ని రోజులైంది. మీటింగుకి ఏడు రోజుల ముందే నోటీసుతో పాటు ఇది ఇంటికి రావాలి. ఆవిడ సీఈఓగారి చేత మూడుసార్లు తిరగ రాయించారు. మూడోసారి కాగితం నా చేతికిచ్చి, "ఇది చూసుకుని ఇంటికెళ్ళండి. మీవారు కంపెనీ ఎలా ఉందని అడిగితే చెప్పగలరా?" అన్నారు. చెప్పగలిగాను.

చైర్మన్‌గారు రాజమండ్రిలో అన్న మాట నేను ఆవిడకి చెప్పాను. ఆవిడ పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. నెల కాగితంలోని బ్యాంకు నిల్వ పక్కన, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకటి పెట్టించారు. అది సీఈఓగారి దగ్గర నుంచి కాకుండా, మీటింగ్ ముందు రోజు మాలో ఒక డైరెక్టరు బ్యాంకుకి వెళ్ళి తెచ్చుకోవాలి. అలాగే నెలకో డైరెక్టరు గోడౌన్‌కి వెళ్ళి రాశి చూసి రావాలి. ఇంతే. మొదట్లో సీఈఓగారు తనని అనుమానిస్తున్నారని బాధపడ్డారు. ఆవిడ ఆయనతో విడిగా మాట్లాడారు, లెక్క రెండు వైపులా సరిపోయిన ప్రతి నెలా అది ఆయనకే రక్ష అని. ఇప్పుడు స్టేట్‌మెంటు తేవడం మేము మరిచిపోతే ఆయనే ఫోన్ చేసి గుర్తు చేస్తున్నారు.

ఆ కాగితం మొదటిసారి పనిచేసిన రోజు నాకు బాగా గుర్తు. మాతోపాటు ఉన్న రెండో ఆడమనిషి, అప్పటిదాకా రెండేళ్ళలో మీటింగులో నోరు విప్పలేదు. ఒకప్పుడు కొబ్బరి ఒలుపు పనికి వెళ్ళిన మనిషి, తర్వాత సొంత తోట కొనుక్కుంది. ఆ రోజు కాగితం మీద వేలు పెట్టి, "కురిడీలో నాలుగు వేల కాయ కుళ్ళిందని రాశారండీ. అటక మీద నెలలు ఉన్న కాయలో ఒకే నెల్లో అంత కుళ్ళు రాదండి. కుళ్ళు పోగు ఎక్కడ పోశారు?" అంది. గది అంతా ఆవిడ వైపు తిరిగింది. వెళ్ళి చూస్తే, వానకి ఒక మూల రేకు కారి కాయ తడిసింది, తడిసిన కాయని తక్కువ ధరకి అమ్మేసి, కుళ్ళు కింద రాసేశారు. దొంగతనం కాదు, కానీ రాత తప్పు. రేకు మార్చాం, రాత సరిచేశాం. ఆ మీటింగ్ తర్వాత ఆవిడ మాట్లాడని మీటింగ్ లేదు.

ఇక చుట్టరికాల సంగతి. మా దగ్గర తొమ్మిది మంది డైరెక్టర్లలో ముగ్గురు ఒకరికొకరు బావలు, వియ్యంకులు. కోనసీమలో ఏ పది మందిని కూర్చోబెట్టినా ఇంతే. ఒకసారి ఉత్తరాదికి కాయ పంపడానికి లారీ కిరాయి మాట్లాడాలి. ఒక డైరెక్టరుగారి అల్లుడికి లారీలు ఉన్నాయి. అంతకుముందు ఆయనకే ఇచ్చేవాళ్ళం, ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అడిగితే కొట్లాట. మేడంగారు "ప్రయోజనాల వైరుధ్యం" అన్న పుస్తకం మాట వాడలేదు. "మీవాళ్ళ వ్యవహారం బల్ల మీదకి వస్తే, మావాళ్ళే అని ముందు చెప్పండి. అది తేలేదాకా బయట అరుగు మీద కూర్చోండి" అన్నారు. ఆయన "ఆయ్, అలాగేనండి" అని లేచి బయటికి వెళ్ళారు. మూడు కొటేషన్లు చూశాం. ఆ రోజు అల్లుడిగారిదే తక్కువ, ఆయనకే ఇచ్చాం. ఎవరికీ ఎవరి మీదా మాట లేకుండా పోయింది. ఇప్పుడు మీటింగ్ మొదట్లోనే "ఈరోజు అరుగు మీదకి ఎవరు?" అని చైర్మన్‌గారు అడుగుతారు. ఆ మాట మా ఎజెండాలో మొదటి అంశం.

ఇంకో మంచి జరిగింది. మేము సీఈఓగారికి నేరుగా ఫోన్ చేసి "మా దింపు (చెట్ల నుంచి దించిన కాయ) ముందు కొనండి" అనడం మానేశాం. ధర ఎంత నుంచి ఎంతలోపు ఉండాలో బోర్డు చెబుతుంది, ఎవరి కాయ ఎప్పుడు కొనాలో ఆయన చూసుకుంటారు. వెయ్యి కాయల ధర వారంలో మారిపోయే చోట ఇది నిలబడడానికి ఏడాది పట్టింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ దింపుల సీజన్లో ఒకరిద్దరు ఫోన్ చేస్తూనే ఉంటారు.

లోపాలు కూడా చెప్పాలి. ఆస్తి అప్పుల పట్టిక చదవడం మీద నాలుగేళ్ళలో ఒక్క పూటే ఇచ్చారు. నెల కాగితం వచ్చింది గానీ, ఏడాది చివర ఆడిటరుగారు ఇచ్చే లెక్క ఇప్పటికీ మాకు కొరకరాని కొయ్యే. ఆగస్టులో వరద వస్తే లంకల దారి మునుగుతుంది, బాబాయ్‌గారు పడవలో రావాలి. ఆ నెలల్లో తరగతులు ఫోన్లో పెట్టారు, సిగ్నల్ లేక ఆయనకి ఒక్క ముక్క అందలేదు. తేదీలు ముందే గోదావరిని చూసుకుని పెట్టుకుని ఉండాల్సింది. సర్వసభ్య సమావేశంలో కోపంగా ఉన్న రైతుల ముందు ఎలా నిలబడాలో ఎవరూ నేర్పలేదు, అది మేము దెబ్బలు తిని నేర్చుకున్నాం.

అన్నిటికంటే పెద్ద లోపం, మూడో ఏడాది, మేడంగారిని మా దగ్గరికి పంపే సంస్థ మాకు చెప్పకుండా మనిషిని మార్చేసింది. కొత్తగా వచ్చిన కుర్రాడు మంచివాడే, కానీ మళ్ళీ తెర, మళ్ళీ ఇంగ్లీషు. రెండు మీటింగులు చూసి, మేము ఆ సంస్థతో ఒప్పందం ఆపేసి, మేడంగారినే సొంతంగా ఏడాదికి రెండుసార్లు పిలుచుకుంటున్నాం. ఒప్పందం రాసుకునేటప్పుడు ఎవరు వస్తారో పేరు రాయించుకోవాలి. మేము రాయించుకోలేదు.

ఖర్చు గురించి. మేడంగారి ఒక రోజు ఫీజు, రాకపోకలు కలిపి, ఉత్తరాదికి ఒక లారీ కాయ పంపే కిరాయి కంటే తక్కువే. 2020లో మొదలైన పది వేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకంలో చేరిన కంపెనీలకి నిర్వహణ ఖర్చుల సాయం మూడేళ్ళకి 18 లక్షల దాకా ఉంటుంది. ఆ సాయం ఉండగానే కోచింగ్ పెట్టుకోండి. ఆగిపోయాక మొదట కోత పెట్టేది దీని మీదే, మా దగ్గరా ఆ చర్చ వచ్చింది. ఓటు పెట్టాం, ఆరుగురు కావాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఆ ముగ్గురి కారణాలూ మినిట్స్‌లో ఉన్నాయి.

కాబట్టి అమ్మాయిలూ, హాల్లో రెండు రోజుల శిక్షణ ఉచితంగా వస్తే చట్టం కోసం వెళ్ళండి, డబ్బు పెట్టి మాత్రం వద్దు. మీ మీటింగ్ రోజున మీ గదికి వచ్చి కూర్చునే మనిషి దొరికితే డబ్బు పెట్టండి. మా నెల కాగితం నకళ్ళు రెండు తీసి పెట్టాను, మా లెక్కలు చెరిపేసి ఖాళీ గళ్ళతో. కాయ తీసుకుని అంబాజీపేట మార్కెట్‌కి వచ్చిన రోజు మా ఆఫీసు మీదుగా రండి. వచ్చే నెల రెండో శనివారం మా బోర్డు మీటింగ్ ఉంది, చైర్మన్‌గారిని అడిగాను, గోడ పక్కన రెండు కుర్చీలు వేయిస్తానన్నారు.