కార్బిడోపానా, బెన్సెరాజైడా?

పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చే మాత్రలో అసలు మందు లెవోడోపా. దాన్ని డోపమైన్‌గా, అంటే ఈ జబ్బులో మెదడుకు కొరతపడే రసాయనంగా, మార్చే ఎంజైమ్ డోపా డీకార్బాక్సిలేజ్. చిక్కల్లా ఈ ఎంజైమ్ మెదడులోనే కాక పేగుల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో కూడా ఉండటమే. లెవోడోపా ఒక్కటే మింగితే చాలా భాగం దారిలోనే డోపమైన్ అయిపోతుంది. ఆ డోపమైన్ మెదడులోకి పోలేదు. వాంతి పుట్టించే చోటికి మాత్రం మెదడుకున్న అడ్డుగోడ లేదు, అక్కడ తగిలి కడుపులో తిప్పుతుంది. అందుకే ఎంజైమ్‌ను మెదడు బయట మాత్రమే ఆపే మందును జతచేస్తారు. దాంతో లెవోడోపా మోతాదు నాలుగో వంతుకో అయిదో వంతుకో దిగుతుంది.

ఆ జత మందులు రెండు: కార్బిడోపా, బెన్సెరాజైడ్. ఎంజైమ్ పనికి తప్పనిసరైన విటమిన్ బి6 రూపాన్ని పట్టేయడమే రెండింటి పద్ధతీ. మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము చూస్తే బెన్సెరాజైడ్‌దే పైచేయి. కానీ వణుకు, బిగుసుకుపోవడం తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

తేడా వచ్చేది పాళ్ళ దగ్గర. ఎంజైమ్ పూర్తిగా అణగాలంటే రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. కార్బిడోపా 10, లెవోడోపా 100 ఉన్న మాత్ర రోజుకు మూడు వేసుకుంటే అందేది 30 మాత్రమే. వికారం తగ్గకపోతే మందు పడలేదని మానేసేముందు డాక్టరుతో ఈ లెక్క చూడాలి. 25/100 మాత్రయితే అవే మూడింటికి 75 వస్తుంది. బెన్సెరాజైడ్‌ను మామూలుగా 1:4 పాళ్ళలోనే కలుపుతారు కనుక ఈ ఇబ్బంది తక్కువ. అందులో నీళ్ళలో కరిగే రకం కూడా ఉంది. మింగలేనివాళ్ళకి, పొద్దున్నే ఒళ్ళు కదలనివాళ్ళకి అది నిజంగా ఉపకారం.

అమెరికాలో బెన్సెరాజైడ్‌కు అనుమతే లేదు, యూరప్‌లో రెండూ నడుస్తాయి. మన మందుల షాపుల్లో సిండోపా పేరుతో దొరికేది కార్బిడోపా కలిసినదే. నన్నడిగితే ఎక్కువమందికి సరైన పాళ్ళున్న కార్బిడోపా చాలు. కుదురుగా పనిచేస్తున్న దాన్ని మార్చడం దండగ.

ఇక దూలగొండి గింజల పొడి. అందులోనూ లెవోడోపా ఉంది, కానీ ఎంజైమ్‌ను ఆపేది మాత్రం తగినంత లేదు. పైగా ఏ చెంచాలో ఎంత ఉందో తెలియదు. మాత్రలు వాడుతూ డాక్టరుకు చెప్పకుండా దీన్ని కలిపితే మోతాదు లెక్కంతా తారుమారవుతుంది.