వంటింటి అల్మరాలు చేయించుకునేవారికి హెచ్చరిక: బిల్లులో ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’ అని మాత్రమే ఉంటే డబ్బు కట్టకండి

కాకినాడలో కొత్తగా కట్టుకున్న మా ఇంటి వంటగదిలో అల్మరాలకు, తలుపులకు, స్టీలు బుట్టలకు కలిపి 2,85,000 రూపాయలు చెల్లించాము. పద్నాలుగు నెలలు తిరగకముందే అందులో సగానికి పైగా విప్పించి పారేయవలసి వచ్చింది. ఇదే పనికి అడ్వాన్సు ఇవ్వబోతున్నవారు, ముఖ్యంగా చివరి వాయిదా ఇంకా చేతిలో ఉన్నవారు, దయచేసి ఇది పూర్తిగా చదివాకే ముందుకు వెళ్ళండి. ఫిర్యాదు నడుస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు.

మొదటి వానాకాలంలోనే సింకు కింద ఉన్న అరలో అడుగు పలక ఉబ్బింది. పైపేమీ కారలేదు; గిన్నెలు కడిగేటప్పుడు జారిన తడి మాత్రమే అక్కడికి చేరేది. అంచుకు అతికించిన పట్టీ ఊడిపోయి, లోపలి పొరలు తడిసిన పుస్తకం అట్టలా విచ్చుకున్నాయి. అడిగితే, ‘నీళ్ళు తగిలితే ఏ చెక్కైనా ఉబ్బుతుందండీ’ అని సమాధానం వచ్చింది. కొటేషన్‌లో మాత్రం ‘వాటర్‌ప్రూఫ్ మెరైన్ ప్లై’ (నీటికి నిలిచే రకం ప్లైవుడ్) అని వారి చేతిరాతే ఉంది.

ఆ సమాధానం తప్పని నాకు తరువాత తెలిసింది. ప్లైవుడ్ అంటే పలుచని చెక్క పొరలను, ఒకదాని ఈనె (చెక్క నార) నిలువుగా ఉంటే తరువాతిదాని ఈనె అడ్డంగా ఉండేలా పేర్చి, జిగురుతో వేడి మీద నొక్కి చేసిన పలక. అందుకే అది మామూలు చెక్కలాగా ఒకవైపే కుంచించుకుపోదు, సులభంగా చీలదు. అయితే తడికి అది నిలుస్తుందా లేదా అన్నది ముఖ్యంగా ఆ పొరల మధ్య జిగురును బట్టి ఉంటుంది. ఎంఆర్ (తేమను మాత్రమే తట్టుకునే) గ్రేడులో సాధారణంగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. గాలిలో తేమకు అది ఓర్చుకుంటుంది కానీ పదేపదే తడిసినా, వేడినీళ్ళు తగిలినా విడిపోతుంది. బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని కొంత తట్టుకునే), బీడబ్ల్యూపీ (మరిగే నీటికీ విడిపోని) గ్రేడులకు వాడేది ఫినాల్ ఫార్మాల్డిహైడ్. ఎంఆర్, బీడబ్ల్యూఆర్ రెండూ ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణం కిందికి వస్తాయి, బీడబ్ల్యూపీ గ్రేడు అయిన మెరైన్ ప్లై ఐఎస్ 710 కిందికి వస్తుంది. ఐఎస్ 710 పలకను 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు. ఎంఆర్ పలకకు మరిగే నీటి పరీక్షే లేదు, 60 డిగ్రీల వేడినీళ్ళతో సరి. కాబట్టి ‘ఐఎస్ఐ ఉంది’ అన్న మాట ఒక్కటే సరిపోదు, ఆ ముద్ర మీద ఏ నంబరు ఉందో, ఏ గ్రేడు ఉందో చూడాలి. పలక ఎర్రగా ఉంటే మెరైన్ అని కొందరు నమ్మిస్తారు. పైపొరకు రంగు వేయడం ఎంతో తేలిక, దానిని ఆధారంగా తీసుకోకండి.

పాడైన అర నుంచి కోసిన ముక్కను, కొత్తగా పని అప్పగించిన వడ్రంగి తెచ్చిన ఐఎస్ 710 ముక్కను ఒకే గిన్నెలో వేసి మరిగించాను. రెండో గంటకు మొదటిది మూలల దగ్గర నోరు తెరిచింది, నాలుగో గంటకు పొరలు గోటితో లాగితే వచ్చేశాయి. రెండో ముక్క నీళ్ళకు కాస్త రంగు వదిలింది తప్ప చెక్కుచెదరలేదు. నాలుగు గంటలు నిలిచినంత మాత్రాన అది మెరైన్ ప్లై అని రుజువు కాదు కానీ, నాలుగు గంటలకే విడిపోయినది మాత్రం ఖచ్చితంగా కాదు.

అల్మరాలు బిగించేసినా లోపల ఏముందో చూసే మార్గం ఒకటి ఉంది. తలుపు లోపలివైపు కీలును స్క్రూలు విప్పి బయటికి తీస్తే, దాని గిన్నెలాంటి భాగం కూర్చునే 35 మిల్లీమీటర్ల గుంట కనిపిస్తుంది; లామినేట్ (పలక పైన అతికించే పలుచని షీటు) కప్పని పచ్చి చెక్క కనిపించేది అక్కడే. గుంట గోడలో అడ్డం నిలువు పొరలు వరుసగా కనిపిస్తే ప్లైవుడ్, పొరలే లేకుండా గోధుమరంగు పిండి ముద్దలా నున్నగా ఉంటే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక), చెక్క పేళ్ళు అతికించినట్లు గరుకుగా ఉంటే పార్టికల్ బోర్డు. మా ఇంట్లో పదకొండు తలుపులలో ఏడింటిలో పొరలు లేవు. ఎండీఎఫ్ చెడ్డ సరుకు అని నేను అనడం లేదు. పొడి గదిలో, రంగు వేసే తలుపులకు అది చక్కగా పనికి వస్తుంది. ప్లైవుడ్ ధర తీసుకుని దానిని ఇవ్వడమే మోసం.

స్టీలు బుట్టల విషయంలో, మంచి స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటదంటూ పెట్టి చూపించారు, అది అంటలేదు, నేను నమ్మాను. మంచి రకమైన 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి; 200 సిరీస్ స్టీలులో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, అది చవక, త్వరగా తుప్పు పడుతుంది, అయినా దానికీ అయస్కాంతం అంటదు. మా బుట్టలకు మొదట అతుకుల దగ్గర తుప్పు వచ్చింది. ల్యాబులో పరీక్ష చేయిస్తే నికెల్ 1 శాతం చుట్టూ, మాంగనీస్ 9 శాతానికి పైగా తేలింది.

కోత మొదలవక ముందే షీట్లు చూపమని అడగండి, ఎందుకంటే లామినేట్ అతికించాక ముద్ర కనిపించదు. ముద్ర పైన ఐఎస్ 710 అని, కింద సీఎం/ఎల్ లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును ఐఎస్ఐ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో, ఏ సరుకుకు ఇచ్చినదో తెలుస్తుంది. జీఎస్టీ బిల్లులో అడుగుభాగానికి, తలుపులకు, బుట్టలకు విడివిడిగా సరుకు పేరు, గ్రేడు రాయించుకోండి. కోసిన ముక్కలు కొన్ని తేదీ వేసి దాచుకోండి.

ఇప్పటికే నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన కొనుగోళ్ళకు రుసుము కూడా లేదు. నా ఫిర్యాదుకు బలమైన ఆధారాలుగా నిలిచినవి ఆ చేతిరాత కొటేషన్, కీలు గుంటల ఫోటోలు, ల్యాబు కాగితం. ఉబ్బిన అరను కూడా పారేయకుండా సంచిలో కట్టి దాచాను. మీరూ పాడైన ముక్కలను వడ్రంగి పట్టుకుపోకుండా చూసుకోండి.