వేగాస్ దారిలో సీమా డోమ్: కాలిన అడవి దగ్గర ఒక పూట ఆగండి

లాస్ ఏంజలెస్ నుంచి వేగాస్ వెళ్లే మనవాళ్లు బేకర్ అనే ఊళ్లో గ్యాస్ కొట్టించుకుని ఐ-15 హైవే మీద నేరుగా పోతుంటారు. మధ్యలో సీమా రోడ్ ఎగ్జిట్ తీసుకుంటే దక్షిణంగా 12 మైళ్లలో ట్యూటోనియా పీక్ ట్రయల్ వస్తుంది. గుండ్రంగా ఉబ్బిన ఈ మెట్టే సీమా డోమ్. ఇది మొహావి నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత ఎడారిలో ఉంది, ప్రవేశ రుసుము లేదు. జాషువా ట్రీ నేషనల్ పార్కులో కారుకు 30 డాలర్లు కట్టి జనం మధ్య ఫొటోలు దిగేకంటే ఇక్కడ ఆగడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ముందే తెలిసి రండి, ఇక్కడ కనిపించేది వల్లకాడు. 2020 ఆగస్టులో పిడుగు పడి 43,273 ఎకరాలు తగలబడ్డాయి. ముళ్లలాంటి ఆకులుండే ఎడారి చెట్లు, జాషువా చెట్లు, 13 లక్షలు పోయాయని అంచనా. "ప్రకృతి సహజం, నాలుగేళ్లలో మళ్లీ పచ్చబడుతుంది" అనే టూర్ గైడ్ల మాట నమ్మకండి. అది పచ్చి అబద్ధం.

ఎడారిలో కాలడానికి ఏముంటుంది? పూర్వం పెద్దగా ఏమీ ఉండేది కాదు. పొదకీ పొదకీ మధ్య బోడి నేల ఉండేది కాబట్టి ఒకటి అంటుకున్నా పక్కదాకా పోయేది కాదు. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన రెడ్ బ్రోమ్ గడ్డి ఆ ఖాళీని నింపేసింది. చలికాలం వాన బాగా పడితే దట్టంగా లేచి, ఎండాకాలానికి వరిగడ్డిలా ఎండిపోతుంది. 2023 జులైలో దగ్గర్లోనే 93,000 ఎకరాలు కాలాయి. అంతకుముందు చలికాలం వానలు దండిగా పడ్డాయి. ట్రయల్ పక్కన వంగి చూడండి, ఎర్రటి కుచ్చులు కనిపిస్తాయి. వాటి ముళ్లు సాక్సులో దిగితే ఓ పట్టాన రావు. కారెక్కే ముందే దులుపుకోండి, లేదంటే ఆ విత్తనం మీతో ఊరేగుతుంది.

"పశువులుంటే ఈ గడ్డి మేసేసేవి" అని వాదించేవాళ్లున్నారు. ఇక్కడ వందేళ్లకు పైగా పశువులు మేశాయి. 2000 ప్రాంతంలో చాలావరకు ఆపేశారు. పచ్చిగా ఉన్న కొద్ది వారాలు బ్రోమ్‌ని తింటాయి, నిజమే. ముళ్లు గట్టిపడ్డాక స్థానిక గడ్డి మీద పడతాయి. గిట్టల కింద నేల పైపొర చిట్లిపోతే అక్కడే బ్రోమ్ మొలుస్తుంది. ఎడారి తాబేలుకి తిండి అయిన పూలమొక్కలూ మిగలవు. కాబట్టి మందలను మళ్లీ తోలడం మందు కాదు.

జాషువా మొలక బ్లాక్‌బ్రష్ పొద నీడలో పెరుగుతుంది. ఆ పొద చాటు లేకపోతే కుందేళ్లు కొరికేస్తాయి. కాలిన బ్లాక్‌బ్రష్ తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే స్వచ్ఛంద కార్యకర్తలు మొలకలు నాటి, కుందేళ్లు కొరక్కుండా వాటి చుట్టూ ఇనుప తీగ బుట్టలు బిగించి, ఒంటెల మీద నీళ్లు మోశారు. అయినా ఎండకు చాలా పోయాయి. బతికినవి ఏడాదికి రెండు మూడు అంగుళాలు ఎదుగుతాయి. దయచేసి దారి వదిలి ఆ బుట్టల దగ్గర ట్రైపాడ్ పెట్టకండి.

ట్రయల్ రానూపోనూ సుమారు 3 మైళ్లు. నీడ లేదు, పదకొండు దాటితే పిల్లలు నస పెడతారు. మనిషికి గ్యాలన్ నీళ్లు పెట్టుకోండి. ప్రిజర్వ్ లోపల గ్యాస్, హోటల్ లేవు, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. కారు తీసే ముందు చక్రాల కింద చూడండి, నీడకోసం తాబేలు చేరి ఉండొచ్చు. ఎత్తి పక్కన పెట్టకండి. భయపడి మూత్రం విడిచేస్తుంది, దాని ఒంట్లో దాచుకున్న నీళ్లు అవే. అదే కదిలేదాకా ఆగండి.